షాంటిల్లి కోట: లోపల రెండు గంటలు, తోటలో మూడు గంటలు

పారిస్‌లో ఒక రోజు మిగిలి, వెర్సాయ్ జనసందోహంలో నలగడం ఇష్టం లేనివాళ్లకు షాంటిల్లి చక్కని ఎంపిక. గార్ దు నార్ స్టేషన్‌లో టీఈఆర్ (ప్రాంతీయ) రైలెక్కితే 25 నిమిషాల్లో షాంటిల్లి-గువ్యూలో దిగొచ్చు. ఆర్ఈఆర్-డి అనే సబర్బన్ రైలు కూడా పోతుంది గానీ ఆగుతూ ఆగుతూ ముప్పావుగంట పడుతుంది. పారిస్ రవాణా పాస్ నవిగో ఇక్కడిదాకా చెల్లదు, ఊరు వేరే రీజియన్‌లో ఉంది. టికెట్ విడిగా కొనాల్సిందే. స్టేషన్ నుంచి కోటకు దాదాపు అరగంట నడక. మంగళవారం కోటకు సెలవు.

గోల్కొండలాంటి బురుజులు, ఫిరంగులు ఊహించుకుని వెళ్తే నిరాశే. నీళ్ల మధ్య కనిపించేది రెండు భవనాల కలయిక. చిన్నది 16వ శతాబ్దపు అసలు కట్టడం. పెద్దది ఫ్రెంచి విప్లవం తర్వాత నేలమట్టమైతే, అప్పటి యజమాని ఓమాల్ డ్యూక్ 1875-82 మధ్య మళ్లీ కట్టించాడు. తన చిత్రాలను తను అమర్చిన వరుస మార్చకూడదనీ, బయటికి అరువివ్వకూడదనీ ఆయన షరతు పెట్టాడు. అందుకే గోడల నిండా ఒకదానిపై ఒకటిగా చిత్రాలుంటాయి, కాలక్రమం ఉండదు. పెద్ద హాళ్లు చూసి అలసిపోయినవాళ్లు శాంటువారియో అనే చిన్న గదిని సులువుగా దాటేస్తారు. అక్కడ ఆగండి. రాఫెల్ గీసిన 'ముగ్గురు గ్రేసులు' (ముగ్గురు దేవతల చిత్రం) అక్కడే ఉంది. పొడవు, వెడల్పు 17 సెంటీమీటర్లే. ముగ్గురి చేతుల్లో ఒక్కో బంగారు పండు. దగ్గరికెళ్లి చూస్తేనే వాళ్ల వేళ్ల ఒంపు తెలుస్తుంది. 'ట్రే రిష్ ఎర్' అనే బొమ్మల ప్రార్థనల చేతిరాత గ్రంథం కోసమే వెళ్లేవాళ్లకు ఒక మాట: అసలు ప్రతిని మామూలు రోజుల్లో బయటపెట్టరు.

ఇక తోట. 115 హెక్టార్లు, అంటే మన లెక్కలో 284 ఎకరాలు. తోట మాత్రమే చూసే టికెట్ కూడా ఉంది, పిల్లలతో వెళ్తే అదే నయం. 17వ శతాబ్దంలో తోటల రూపశిల్పి లె నోత్ర్ వేసిన భాగంలో ఒక విశేషం గమనించాలి. తోట నడిమి గీత కోటకు ఎదురుగా లేదు. వంకర టింకర పాత కోటను పక్కన వదిలేసి, గుర్రమెక్కిన వీరుడి విగ్రహమున్న ఎత్తైన తిన్నెను ఆధారం చేసుకున్నాడు. ఆ తిన్నె మెట్ల పైన నిలబడితే నీటి మడుగులు, అడ్డంగా సాగే రెండున్నర కిలోమీటర్ల కాలువ, అన్నీ ఒకే చూపులో అందుతాయి. ఇంత ధైర్యమైన నిర్ణయం వెర్సాయ్‌లోనూ కనిపించదు.

ఈ భాగంలో నీడ లేదు, దారంతా కంకర. ఎత్తు మడమ చెప్పులు వద్దు, చిన్న చక్రాల స్ట్రోలర్ కూరుకుపోతుంది. ఎండాకాలంలో ఇక్కడ పొద్దున్నే తిరిగేసి, మధ్యాహ్నం చెట్ల నీడలోని పల్లె గుడిసెల వైపు వెళ్లండి. అవి 1774 నాటివి. వెర్సాయ్‌లో రాణి మేరీ ఆంటోయినెట్ కట్టించుకున్న పల్లెకు నమూనా ఇవే. అక్కడి రెస్టారెంట్‌లో ఊరి పేరు మోసే షాంటిల్లి క్రీమ్ దొరుకుతుంది. చక్కెర, వెనిల్లా వేసి గిలక్కొట్టిన చిక్కటి మీగడ అది, ఒక ప్లేటు ఇద్దరికి చాలు.

గుర్రాలంటే ఇష్టముంటే 186 మీటర్ల పొడవున్న పెద్ద గుర్రపుశాలకు ఇంకో గంట కేటాయించండి. ప్రదర్శన వేళలు రోజుకో రకంగా ఉంటాయి, అవి చూసుకున్నాకే టికెట్ కొనండి.