మధుమేహులకు ఎల్‌డీఎల్ పరీక్ష సరిపోతుందా, అపోబీ కూడా కావాలా?

గుంటూరు కొత్తపేటలో ఏ ల్యాబుకు వెళ్లినా లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేస్తారు. మధుమేహం ఉన్నవారు అందులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఒక్కటే చూసి ఊరట చెందడం నాకు ఆందోళన కలిగిస్తుంది.

మిర్చి యార్డులో సరుకును క్వింటాళ్లలో తూయవచ్చు, టిక్కీలు (బస్తాలు)గానూ లెక్కపెట్టవచ్చు. ఎల్‌డీఎల్ తూకం లాంటిది. రక్తంలో ఎల్‌డీఎల్ రేణువులు మోస్తున్న కొలెస్ట్రాల్ ఎంతో చెబుతుంది. అపోబీ అనే ప్రొటీన్ టిక్కీల లెక్క లాంటిది: రక్తనాళాల్లో పూడికకు కారణమయ్యే ప్రతి రేణువుపైనా ఈ ప్రొటీన్ అణువు ఒక్కొక్కటే ఉంటుంది. మధుమేహంలో తరచూ ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) పెరిగి, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై, సంఖ్యలో ఎక్కువవుతాయి. తూకం మామూలుగానే కనిపిస్తుంది, లెక్క మాత్రం పెరిగిపోతుంది.

పైగా చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ నేరుగా కొలిచింది కాదు, 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కకట్టింది. ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటితే ఆ సూత్రం పనికిరాదు. అపోబీకి ఆ చిక్కు లేదు, పరగడుపున ఉండాల్సిన పనీ లేదు. ఖర్చు మాత్రం అదనం.

ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్న మధుమేహులకు నా ఓటు అపోబీకే. గుండె ముప్పు బాగా ఎక్కువున్నవారికి 2019 యూరప్ మార్గదర్శకాల అపోబీ లక్ష్యం డెసిలీటరుకు 65 మిల్లీగ్రాముల లోపు.

ఖర్చు భారమైతే, చేతిలోని రిపోర్టులోనే మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తీసేయండి. మొత్తం 180, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 250 అయితే ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో ఎల్‌డీఎల్ 95 అని వస్తుంది, బాగున్నట్టే ఉంటుంది. తీసివేస్తే వచ్చే నాన్ హెచ్‌డీఎల్, అంటే పూడికకు కారణమయ్యే రేణువులన్నీ మోస్తున్న కొలెస్ట్రాల్, 145! ఆ అంకె రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి డాక్టరుకు చూపించండి. మందులు మాత్రం సొంతంగా మార్చుకోవద్దు.