ఫార్మసీలో మార్కులా, కౌంటర్ అనుభవమా: ఏది మేలు?

డీఫార్మసీ, బీఫార్మసీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. 62 శాతమే వచ్చింది, పనికొస్తుందా? 85 ఉంది, ఇక ఢోకా లేనట్టేనా?

మార్కులు నిజంగా లెక్కకొచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఫార్మసిస్టు కాంట్రాక్టు పోస్టుల నోటిఫికేషన్లలో 100కి 75 మార్కులు అర్హత పరీక్ష శాతానికే ఇస్తూ వచ్చారు. 62 శాతమైతే 46.5, 85 శాతమైతే 63.75. తేడా 17.25. పాసై గడిచిన ఏళ్లకు ఇచ్చేది ఏడాదికి ఒకటి చొప్పున గరిష్ఠంగా 10 కాబట్టి, ఎంత ఆగినా అది ఒక్కటే ఆ తేడాను పూడ్చదు. తెలంగాణలో 2024 నాటి ఫార్మసిస్టు గ్రేడ్-2 నియామకంలో మాత్రం 80 మార్కులు రాతపరీక్షకు, 20 సర్వీసుకు. అక్కడ పాత మార్కుల మెమో అక్కరకు రాదు. ఎంఫార్మసీకి సాధారణంగా బీఫార్మసీలో 55 శాతం కావాలి. మందుల కంపెనీల్లో ఫ్రెషర్లను పదో తరగతి నుంచీ 60 శాతం ఉందా అని అడగడం మామూలే. ఫార్మసిస్టుగా పనిచేయడానికి కావాల్సిన ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు మాత్రం చదువులో ఎంత శాతం వచ్చిందని చూడరు.

ఇక కౌంటర్ సంగతి. నా దృష్టిలో అసలు తేల్చేది ఇదే: నలుగురు తొందరపెడుతుండగా మోతాదు లెక్క తప్పకుండా కట్టగలరా?

12 కిలోల పిల్లకు జ్వరం. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 180 మిల్లీగ్రాములు. 5 ఎంఎల్‌లో 120 ఉన్న సిరప్ అయితే 7.5 ఎంఎల్ పోయాలి. 5 ఎంఎల్‌లో 250 ఉన్నదైతే 3.6 చాలు. పాత సీసా అలవాటుతో తల్లి రెండోదాన్ని 7.5 పోస్తే 375 మిల్లీగ్రాములు, అంటే రెట్టింపు దాటింది. ఎంఎల్‌కు 100 ఉండే డ్రాప్స్ అయితే చెప్పనక్కర్లేదు. పరీక్షలో సిరప్ గాఢత ఎంతో ప్రశ్నలోనే ఇస్తారు. ఇక్కడ మనమే అడగాలి: పాప బరువెంతమ్మా, ఇంట్లో ఏ సీసా ఉంది, దేంతో కొలుస్తున్నారు? చివర్లో ఆవిడ చేతే ఒకసారి కొలిపించి చూడాలి.

ఇన్సులిన్‌లో ఇంకా ప్రమాదం. ఎర్రమూత సిరంజి ఎంఎల్‌కు 40 యూనిట్లుండే వయల్‌కు (మందు సీసాకు), నారింజ మూతది ఎంఎల్‌కు 100 యూనిట్లుండే వయల్‌కు. 100 యూనిట్ల వయల్ ఇచ్చి ఎర్రమూత సిరంజి చేతిలో పెడితే, 20 గీత దాకా లాగినవాళ్లకు ఎక్కేది 50 యూనిట్లు. షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. అటుదిటైతే 8 యూనిట్లే వెళ్తాయి, షుగర్ ఎందుకు దిగడంలేదో ఎవరికీ అంతుపట్టదు.

అలాగని చదువును తేలిగ్గా తీసెయ్యలేం. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీ మీద 'రోజూ' అని కనబడితే చెయ్యి ఆగాలి, డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న రోగికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే రక్తస్రావం భయం గుర్తుకు రావాలి. ఫార్మకాలజీ ఒంటబట్టనివాళ్లకు ఎన్నేళ్ల అనుభవమున్నా ఇవి కనబడవు. అందుకే మొత్తం శాతం కన్నా ఆ ఒక్క సబ్జెక్టు మార్కులు నాకు ఎక్కువ చెబుతాయి.

డీఫార్మసీలో 500 గంటల శిక్షణ ఉంది, మూడు నెలలకు తగ్గకూడదు. ఎక్కడో సంతకం పెట్టించుకొచ్చి 85 శాతం చూపేవారికన్నా, ఆ గంటలు నిజంగా నిలబడి చేసిన 62 శాతంవారికే నా ఓటు. మార్కులు తక్కువైతే తర్వాత రాతపరీక్షతో సరిదిద్దుకోవచ్చు. చెయ్యి అలవాటుపడనివాళ్ల తప్పు నేరుగా రోగి మీదే పడుతుంది.

ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులా? ఉంటే మంచిదే, వీటిలో దేనికీ బదులు కావు.

శిక్షణకు చోటు వెతుక్కుంటుంటే పిల్లల వార్డున్న ఆస్పత్రి ఫార్మసీని చూసుకోండి. ఓపీ చీటీలన్నీ ఒక్కసారిగా వచ్చిపడే వేళ కౌంటర్లో నిలబెట్టమని అడగండి. మొదటి నెల ప్రతి పిల్లల మోతాదునూ కాగితం మీద రాసి, సీనియర్ చేత సరిచూపించుకున్నాకే సీసా అందించండి.