హైదరాబాద్ మ్యూజియాలు: సాలార్‌జంగ్‌కి సగం రోజు, నాంపల్లికి మిగతా సగం

హైదరాబాద్‌కి రెండు రోజుల కోసం వచ్చేవాళ్ళు చార్మినార్‌కీ బిర్యానీకీ మధ్యలో "సాలార్‌జంగ్ ఓ గంటలో చుట్టేద్దాం" అని లెక్కేసుకుంటారు. ఆ గంటలో సగం టికెట్ లైనుకీ, బ్యాగు అప్పగించడానికీ, లోపలి పేరున్న గంటల గడియారం ముందు తోపులాటకీ పోతుంది. మిగతా సగంలో గదులు కనబడతాయి గానీ వస్తువులు కనబడవు. కనీసం 3 గంటలు పెట్టలేకపోతే సాలార్‌జంగ్ జోలికి పోకండి. ఆ టైము నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంకి ఇస్తే ఎక్కువ దక్కుతుంది.

ముందు శుక్రవారం సంగతి. ఢిల్లీలో నేషనల్ మ్యూజియంకి సోమవారం సెలవు కాబట్టి ఇక్కడా అంతే అనుకుని శుక్రవారం పొద్దున్నే పాతబస్తీకి చేరేవాళ్ళు వారం వారం ఉంటారు. సాలార్‌జంగ్, చౌమహల్లా, పురానీ హవేలీలో నిజాం మ్యూజియం, నాంపల్లి స్టేట్ మ్యూజియం, నాలుగూ శుక్రవారమే మూత. మీ రెండు రోజుల్లో ఒకటి శుక్రవారమైతే ఆ రోజు గోల్కొండకో, నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంకో రాసుకోండి. రంజాన్, బక్రీద్ లాంటి పండగ రోజుల్లో ముందుగా వాళ్ళ వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరడం మంచిది. మామూలు రోజుల్లో సాలార్‌జంగ్ 10 నుంచి 5 దాకా. కౌంటర్ మాత్రం 5 కంటే ముందే మూసేస్తారు. ఆలస్యంగా వెళ్ళి గేటు దగ్గర బతిమాలుకున్నా పని జరగదు.

సాలార్‌జంగ్ మూసీ దక్షిణపు ఒడ్డున, నయాపూల్ పక్కన దారుల్‌షిఫాలో ఉంది. మెట్రోలో వచ్చేవాళ్ళు ఎంజీబీఎస్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే చాలు. సొంత కారు వద్దు. పార్కింగ్ వెతుక్కునే టైములో రెండు గ్యాలరీలు చూడొచ్చు.

లోపలికి వెళ్ళేముందు ఒక విషయం తెలిస్తే చూపు మారుతుంది. ఇది ప్రభుత్వం ఓ పద్ధతి ప్రకారం సేకరించిన మ్యూజియం కాదు. మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్, కొంతకాలం నిజాం దగ్గర దివాన్‌గా చేసి ఆ పదవి వదిలేశాక, మిగతా జీవితమంతా కొనడంలోనే గడిపిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, నేరుగా వారసులు లేరు. 1949లో ఆయన పోయాక వస్తువులన్నీ ఆయన ఇల్లు దీవాన్ దేవిడీలోనే ప్రదర్శనకి పెట్టారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది, 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారింది. ఒక్క కుటుంబం, అందులోనూ ఎక్కువగా ఒక్క మనిషి ఇష్టాయిష్టాలతో పోగైన సామాను కాబట్టి అపురూపమైనదీ, నవాబుల ఇంట్లో షోకేసు నింపడానికి కొన్నదీ పక్కపక్కనే ఉంటాయి. అన్నీ చూడాలన్న పట్టుదల వదిలేస్తేనే ఇక్కడ సుఖం.

భవనం మూడు ముక్కలు. మధ్యలో ఇండియన్ బ్లాక్, ఒకవైపు యూరప్ వస్తువుల వెస్టర్న్ బ్లాక్, ఇంకోవైపు చైనా, జపాన్ వస్తువుల ఈస్టర్న్ బ్లాక్. అందరూ మొదటి గది నుంచి వరస తప్పకుండా నడుస్తారు. ఇండియన్ బ్లాక్ అయ్యేసరికే కాళ్ళు లాగేస్తాయి, మిగతావి పరుగుమీద ముగుస్తాయి. అలా కాకుండా తలుపులు తీసే టైముకి వెళ్ళి నేరుగా ముసుగేసుకున్న పాలరాతి బొమ్మ రెబెకా దగ్గరికి నడవండి. అక్కణ్ణుంచి 11 గంటలకి గడియారం. ఆ తర్వాత నిదానంగా జేడ్ అనే గట్టి రాతి వస్తువులు, బిద్రీ అనే వెండి పొదిగిన నల్ల లోహపు సామాను, సూక్ష్మచిత్రాలు. ఓపిక మిగిలితే మిగతావి.

గడియారం గురించి విననివాళ్ళు లేరు. కుక్ అండ్ కెల్వీ కంపెనీది. లోపల కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తూ ఉంటుంది. గంట అవడానికి 3 నిమిషాల ముందు గడ్డం మనిషి తలుపు తీసుకుని వచ్చి, టైము ఎంతైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. 12కి 12 దెబ్బలు కాబట్టి జనమంతా ఆ టైముకే ఎగబడతారు. పిల్లల్ని భుజాలకెత్తుకుని, ఫోన్లు పైకెత్తి, వెనకవాళ్ళకి ఏమీ కనబడనివ్వరు. 11కి వెళ్తే తగ్గేది ఒక్క దెబ్బే, జనం మాత్రం బాగా తగ్గుతారు. ఓ పది నిమిషాలు ముందే కూర్చోండి. 1 గంటకి మాత్రం వెళ్ళకండి, ఒక్క దెబ్బ కొట్టి వెళ్ళిపోతాడు. గడియారం చిన్నదని పెదవి విరిచేవాళ్ళని ఏమీ అనలేం. దూరం నుంచి చూస్తే నిజంగానే చిన్నది.

మేలిముసుగు రెబెకా మాత్రం పేరుకి తగినదే. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ పాలరాతిలో చెక్కింది. 1876లో రోమ్‌లో కొన్నది మొదటి సాలార్‌జంగ్, అంటే పైన చెప్పిన మూడో సాలార్‌జంగ్‌కి తాతగారు. ఎదురుగా నిలబడి "అబ్బ, పల్చటి బట్టలా ఉందే" అని వచ్చేస్తే సగమే చూసినట్టు. పక్కకి జరిగి ముక్కు దగ్గర చూడండి. ముసుగు నుదుటికీ ముక్కు కొనకీ అతుక్కుని, కంటి గుంటల దగ్గర కొంచెం ఎడంగా నిలబడి, చెంప కిందకి రాగానే మడతలు పడుతుంది. ముసుగు కింద విడిగా ముఖమేమీ లేదు, ఉన్నది ఒక్కటే రాతి పొర. ఎక్కడ అతికించాలో ఎక్కడ వదలాలో తెలిసినవాడు వెలుతురు చేత మిగతా పని చేయించాడు. ఫ్లాష్ వేస్తే ఆ నీడలే పోతాయి, ఫొటోలో సున్నం ముద్ద మిగులుతుంది.

రెండు ముఖాల చెక్క బొమ్మ దగ్గర కూడా జనం ఉంటారు. గేటే రాసిన ఫౌస్ట్ నాటకంలోని పాత్రలు, ముందు సైతాను మెఫిస్టాఫెలిస్, వెనక అమాయకురాలు మార్గరెట్టా, ఒకే దుంగలో. వెనక అద్దం పెట్టారు. అద్దం చూసి వెళ్ళిపోతారు గానీ పక్క నుంచి చూస్తేనే అసలు పనితనం. అతని అంగీ ఎక్కడ ఆగిందో, ఆమె గౌను ఎక్కడ మొదలైందో అక్కడే తెలుస్తుంది.

ఇక బిద్రీ. ఈ ఊరికి వచ్చినవాళ్ళు షాపుల్లో బిద్రీ ఫ్లవర్‌వాజులు కొంటారు గానీ ఇక్కడి గదిని దాటేస్తారు. కొనేముందు ఈ గది చూడాలి. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోత పోస్తారు. పైన గాడి తీసి వెండి కూరుస్తారు. చివర్లో బీదర్ కోట మట్టి, నవాసాగరం కలిపిన నీళ్ళలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. వెండి తీగ కూరిస్తే తార్‌కషీ, రేకు కూరిస్తే తెహ్‌నిషాన్, పైకి ఉబ్బెత్తుగా ఉంటే జర్‌బులంద్. హుక్కా అడుగుల మీద పూల రెక్కల అంచులు చూడండి. పాత పనిలో వెండికీ నలుపుకీ మధ్య గోరు తగిలే గ్యాప్ కూడా కనబడదు. బజార్లో చవగ్గా దొరికే వాటిలో అంచు దగ్గర నలుపు ఊడి బూడిద రంగు తేలుతుంది. ఆ తేడా ఇక్కడ కంటికి అలవాటైతే బేరం దానంతట అదే కుదురుతుంది.

జేడ్ గదిలో వస్తువులు చిన్నవి, పేర్లు పెద్దవి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి, షాజహాన్ విలుకాడి ఉంగరం, ఇల్‌తుత్‌మిష్ పేరున్న ఖురాన్ పీట. ఆ పీట మీద ఉన్న కాలం 1209-10. ఈ రాయి ఇనుప ఉలికి లొంగదు. గట్టి రాళ్ళ పొడి పెట్టి అరగదీస్తూ ఆకారం తేవాలి. అందుకే అంత పల్చటి గిన్నె అంచు కనబడితే ఓ క్షణం ఆగాలి. ఇక్కడి ఇబ్బంది అద్దాల మీద లైట్ల మెరుపు. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి వంగి చూస్తే తప్ప చెక్కిన గీతలు కనబడవు.

మైనస్‌లు దాచక్కర్లేదు. కొన్ని చోట్ల చీటీ మీద వస్తువు పేరు తప్ప ఎక్కడిదో, ఎందుకు వాడేవాళ్ళో ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నాలు కొన్ని గదుల్లో ఉక్కపోత. బ్యాగులు కింద అప్పగించాలి కాబట్టి నీళ్ళ సీసా, మందులు, కళ్ళజోడు ముందే బయటికి తీసి పెట్టుకోండి. మధ్యలో కిందకి రావడం చాలా నడక. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకొస్తే లిఫ్ట్ ఎటుందో గేటు దగ్గరే అడిగి మొదలుపెట్టండి. వెస్టర్న్ బ్లాక్‌లో పింగాణీ, గాజు సామాను ఇష్టమున్నవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి పావుగంట చాలు.

అదే రోజు ఇంకోటి కావాలంటే పురానీ హవేలీలో నిజాం మ్యూజియం దగ్గర్లోనే ఉంది, ముప్పావుగంట సరిపోతుంది. ఏడో నిజాం సిల్వర్ జూబ్లీకి వచ్చిన కానుకలు, ఊళ్ళో భవనాల వెండి నమూనాలు, 2018లో వెంటిలేటర్ దారిన దొంగలెత్తుకుపోయి పోలీసులు తిరిగి తెచ్చిన బంగారు టిఫిన్ డబ్బా. అసలు ఆకర్షణ మాత్రం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు. హాలు పొడుగూతా రెండు అంతస్తుల చెక్క పని, చేత్తో తిప్పే లిఫ్ట్‌తో సహా. నిజాంల పేరుమోసిన జాకబ్ వజ్రం ఎక్కడని ఇక్కడ అడక్కండి. 1995లో కేంద్రం నిజాం నగల్ని 218 కోట్లకి కొన్నాక అవి రిజర్వ్ బ్యాంకు లాకర్లకి వెళ్ళాయి.

చౌమహల్లా మ్యూజియం కంటే భవనంగానే బాగుంటుంది. ఖిల్వత్ ముబారక్ షాండిలియర్లు, పాత రోల్స్ రాయిస్, ఫొటోలకి వెలుతురు. లోపలి వస్తువుల మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. పాతబస్తీలో భోజనానికి మదీనా సెంటర్ వైపు నడిస్తే సరి. బిర్యానీ తిని వెంటనే మళ్ళీ మ్యూజియంలో అడుగుపెడితే గడియారంకంటే ముందు మనమే గంట కొట్టేస్తాం.

రెండో రోజు పొద్దున నాంపల్లి. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ పక్కనే. స్టేట్ మ్యూజియం గురించి ఎవరిని అడిగినా "మమ్మీ ఉందిగా" అంటారు. ఉంది. 1930లో ఏడో నిజాం మ్యూజియంకిచ్చిన ఈజిప్టు మమ్మీ. గాలి తగిలితే బూజు, పురుగు పడతాయని 2016లో ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ నింపిన పెట్టెలోకి మార్చారు. మమ్మీ గదిలో ఐదు నిమిషాలు చాలు. కంచు విగ్రహాల గదిలో ఎక్కువసేపు ఉండండి. సాలార్‌జంగ్‌లో లాగా భుజాలు రాసుకునే జనం ఉండరు కాబట్టి ఒక విగ్రహం చుట్టూ తిరిగి వీపు వైపు పనితనం, జంధ్యం ముడి, నడుం పట్టీ చూసే వీలుంటుంది. అజంతా బొమ్మల నకళ్ళు కూడా ఉన్నాయి. అజంతా వెళ్ళేవాళ్ళు ఇవి చూసి వెళ్తే, చీకటి గుహల్లో ఏది ఏ బొమ్మో తేలిగ్గా గుర్తుపడతారు. నాణేలు తెలిసినవాళ్ళకి సగం రోజైనా చాలదు, తెలియనివాళ్ళకి పది నిమిషాలే ఎక్కువ. ఆవరణలో పెట్టిన రాతి శిల్పాలు పొద్దున ఏటవాలు ఎండలోనే బాగా కనబడతాయి. మధ్యాహ్నం నెత్తి మీది ఎండకి చెక్కడమంతా చదునైపోతుంది.

పిల్లలుంటే లకడీకాపూల్ వైపు బిర్లా సైన్స్ మ్యూజియం. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితే దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. పక్కనే 1985లో మొదలైన ప్లానిటేరియం, తెలుగు షోలూ ఉంటాయి. షో టైము చూసుకుని డైనోసార్‌ని అటో ఇటో సర్దుకోవాలి గానీ తిరగేసి ప్లాన్ వేస్తే షో పోతుంది.

దక్కనీ చిత్రాల మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్ళకి గగన్‌మహల్ రోడ్డులో జగదీశ్ అండ్ కమలా మిత్తల్ మ్యూజియం ఒకటుంది, 1976లో పెట్టింది. టికెట్ కొనుక్కుని లోపలికి పోయే చోటు కాదు, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఊరొచ్చాక కాదు, రైలు టికెట్ బుక్ చేసుకున్న రోజే అడగండి. ఇప్పటి చిత్రకారుల పనైతే మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, బంజారాహిల్స్ వైపు ప్రైవేటు గ్యాలరీలు. వీటిలో శాశ్వతంగా ఉండే బొమ్మలకంటే వచ్చిపోయే ఎగ్జిబిషన్లే ఎక్కువ. ఒకటి దింపి ఇంకోటి తగిలించే రోజుల్లో వెళ్తే ఖాళీ గోడలూ నిచ్చెనలూ తప్ప ఏమీ ఉండవు, కాబట్టి ఆ వారం ఏం నడుస్తోందో ఫోన్ చేసి కనుక్కుని క్యాబ్ ఎక్కండి.