ఓపెన్ హౌస్‌కు పోవాలా, మామూలు రోజు పోవాలా?

నేను నల్లగొండ దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. పదో తరగతి దాటి వెళ్లిపోయిన పిల్లలు కొందరు ఇంటర్ రెండో ఏడాదికొచ్చాక మళ్లీ మా ఇంటి తలుపు తడతారు. చేతిలో డ్రాయింగ్ బుక్కు, వెనకాల అనుమానంగా నిలబడ్డ నాన్న. "సార్, బీఎఫ్ఏ చేస్తనంటున్నడు. ఆ యూనివర్సిటీ ఏందో జర ఒకసారి చూసొస్తం" అంటారు. చూడాల్సిందే, బీఎఫ్ఏ అంటే బొమ్మలు, శిల్పాలు నేర్పే నాలుగేళ్ల డిగ్రీ మరి. ఎప్పుడు చూడాలన్న దగ్గరే పేచీ వస్తుంది. శని, ఆదివారాల్లో ఓపెన్ హౌస్ పెట్టి అందరికీ గేటు తెరిచినప్పుడా, క్లాసులు నడిచే ఏ మంగళవారమో బుధవారమోనా?

రెండు రకాలుగానూ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాను కాబట్టి చెబుతున్నా. అనుమానం నాన్నదైతే ఓపెన్ హౌస్‌కు పోండి. అనుమానం పిల్లదైతే మామూలు రోజు పోండి.

ముందు ఎక్కడికన్నది. మన నల్లగొండ, పాలమూరు పిల్లలు మొదట చూడాల్సింది మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. 1940లో ఆర్ట్ స్కూలుగా మొదలై, ఫైన్ ఆర్ట్స్ కాలేజీగా పేరు తెచ్చుకుని, 2008లో యూనివర్సిటీ అయింది. పేరున్న చిత్రకారులు లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం కాలేజీగా ఉన్న రోజుల్లో అక్కడే చదివారు. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫోటోగ్రఫీ, యానిమేషన్ అన్నీ ఉన్నాయి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, అయితే అక్కడ ఫైన్ ఆర్ట్స్ అంటే ఎంఎఫ్ఏ, అంటే డిగ్రీ తర్వాత చేసే పీజీ. ఇంటర్ పిల్లలు సీటు కోసం కాదు, ఐదారేళ్ల తర్వాత తామెలా ఉంటామో చూసుకోవడానికి వెళ్లొచ్చు. ఇక మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలోనూ శిల్పం, చిత్రలేఖనం నేర్పుతారు.

ఓపెన్ హౌస్ అంటే ఇల్లు అలికి ముగ్గేసి చుట్టాల్ని పిలిచినట్టు. ఏడాది పొడుగునా చేసినవాటిలో మంచివి ఏరి, ఫ్రేములు కట్టి, లైట్లు పెట్టి, కింద పేర్లు రాసి పెడతారు. ఒక మూల కుమ్మరి సారె తిరుగుతుంటుంది, చిన్న పిల్లలకు మట్టి ముద్ద ఇస్తారు. ఇంకో మూల పదిహేను నిమిషాల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ల బొమ్మ గీసి ఇస్తారు. నాన్నలకు ఇదంతా బాగా నచ్చుతుంది. ఇంకో సంగతి, అక్కడికి మరో వంద మంది నాన్నలు వస్తారు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినని మనిషి, చౌటుప్పల్ నుంచి వచ్చిన ఇంకో తండ్రి "మా పెద్దోడు ఈడనే చదివి యానిమేషన్ కంపెనీల చేస్తుండు" అంటే చాలు, సగం మెత్తబడతాడు. అప్లైడ్ ఆర్ట్ చేసినవాళ్లు ప్రకటనలకు, ప్యాకింగ్ డిజైన్‌కు వెళ్తారని, బీఎఫ్ఏ చేస్తే ఎంఎఫ్ఏ దాకా దారి ఉంటుందని ఆ రోజు చెప్పేవాళ్లు నలుగురైదుగురు దొరుకుతారు.

కానీ పిల్ల ఏం చూసినట్టు? తయారైన వంట చూసింది. పొయ్యి చూడలేదు.

శిల్పం సంగతే తీసుకోండి. ఓపెన్ హౌస్‌లో నున్నటి ఫైబర్ విగ్రహం నిలబడి ఉంటుంది. అది అలా నిలబడాలంటే ముందు ఇనుప చువ్వలు వంచి, తీగ చుట్టి అస్థిపంజరం కట్టాలి. దాన్ని ఆర్మేచర్ అంటారు. దాని మీద మట్టి ఎక్కించాలి. మట్టి ఎండితే పగుళ్లొస్తాయి, అందుకని రోజూ సాయంత్రం తడిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కప్పి ఇంటికి పోవాలి. మర్నాడు విప్పి చూస్తే చెయ్యి జారిపోయి ఉండొచ్చు. తర్వాత ప్లాస్టర్ అచ్చు, ఆ అచ్చులోంచి పోత. మామూలు రోజు వెళ్తే ఆ తడిగుడ్డలు చుట్టిన ఆకారాలు, నేల మీద పిండిలా పరుచుకున్న ప్లాస్టర్, మోచేతుల దాకా మట్టి పూసుకున్న పిల్లలు కనిపిస్తారు. ఆ వాసన, ఆ దుమ్ము చూసి కూడా మీ పిల్ల కళ్లు మెరిశాయంటే ఇక దాన్ని ఆపకండి.

ప్రింట్‌మేకింగ్ ఇంకా మోసం చేస్తుంది. ఓపెన్ హౌస్‌లో ప్లేటుకు సిరా పూసి, తడి కాగితం వేసి, ప్రెస్సు చక్రం తిప్పి, రెండు నిమిషాల్లో ప్రింటు లేపి చూపిస్తారు. జనం చప్పట్లు కొడతారు. జింక్ ప్లేటును సానబెట్టడం, మైనం పూత వేయడం, సూదితో గీయడం, యాసిడ్‌లో ముంచి లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఎవరూ చూపించరు, చూపించినా జనం ఆగరు. ప్లేటు మీద కుడివైపు గీసింది కాగితం మీద ఎడమవైపు వస్తుంది. అక్షరాలు రాయాలంటే తిరగేసి రాయాలి. అది తెలియక మొదటిసారి తన పేరే అద్దంలో కనిపించినట్టు అటూఇటూ చేసుకున్న కుర్రాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు.

పెయింటింగ్ క్లాసు అంతకంటే బోరు. అదే కుండ, అదే సీసా, అదే మడత పడ్డ గుడ్డ, మూడో రోజు. సారు వచ్చి బొటనవేలితో నీడ తుడిచేసి "మళ్లీ చూడు" అని వెళ్లిపోతాడు. పిల్ల ఇది చూడాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో అరనిమిషంలో పూర్తయ్యే బొమ్మలు చూసి ఆర్ట్ కాలేజీ అంటే అదే అనుకునే పిల్లలకు మరీ ముఖ్యం.

మామూలు రోజుతో కష్టమేమిటంటే గేటు. ఒకసారి మా స్కూలు పాత విద్యార్థిని తీసుకుని, ఫోన్ కూడా చేయకుండా, బుధవారం పొద్దున్నే ఒక కాలేజీకి బయల్దేరాను. పేరెందుకు గానీ సెక్యూరిటీ అతను లోపలికి రానివ్వలేదు. గంటసేపు చెట్టు కింద నిలబెట్టాక ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి "ఇవ్వాళ జ్యూరీ జరుగుతోంది, బయటివాళ్లకు కుదరదు" అన్నాడు. జ్యూరీ అంటే బయటి నుంచి వచ్చిన పెద్దలు పిల్లల పని చూసి మార్కులు వేసే రోజు. ఆయన తప్పేం లేదు, నా తొందర. ఫోన్ చేసి, ఏ డిపార్ట్‌మెంట్ చూడాలనుకుంటున్నామో చెప్పి, వీలైతే ఒక ఉత్తరం పట్టుకుని పోతే మామూలుగా రానిస్తారు.

ఇంకో చిక్కు ఇంటర్ కాలేజీలది. రెసిడెన్షియల్‌లో ఉన్న పిల్లకు నెలకో ఔటింగ్, అదీ ఆదివారమే. బుధవారం పంపమంటే ప్రిన్సిపాల్ ముఖం చూడాల్సిందే. కాబట్టి చాలా ఇళ్లకు ఓపెన్ హౌస్ తప్ప గతి లేదు.

అలాంటప్పుడు శనివారం కంటే ఆదివారం, అందులోనూ మధ్యాహ్నం తర్వాత మేలు. శనివారం స్కూళ్ల నుంచి బస్సుల్లో దింపిన పిల్లల గోల, అధ్యాపకులతో మాట్లాడాలంటే వరుస. ఆదివారం మూడు దాటితే జనం పల్చబడతారు. రెండు రోజులుగా నిలబడి నవ్వి నవ్వి అలసిపోయిన విద్యార్థులు స్టూళ్ల మీద కూలబడతారు. అప్పుడు అడగండి: హాస్టల్ ఎట్లుంది, రంగులకు నెలకెంత అవుతుంది, ఏ ఏడాది ఎక్కువ కష్టం. పొద్దున చెప్పని నిజాలన్నీ అప్పుడు చెబుతారు. ఇంకో లాభం, ఆదివారం సాయంత్రం నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సులు కిక్కిరిసి ఉంటాయి గానీ, ఇటు వచ్చేవాటిలో సీటు దొరుకుతుంది.

దారి కూడా చెబుతా. నల్లగొండ నుంచి వెళ్లేవాళ్లు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే లక్డీకాపూల్. అక్కడి నుంచి మాసబ్‌ట్యాంక్‌కు ఆటో. పాలమూరు, జడ్చర్ల వాళ్లు ఆరాంఘర్‌లో దిగి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద మెహిదీపట్నం దాకా వెళ్తే మాసబ్‌ట్యాంక్ పక్కనే. అమ్మాయికి తెలంగాణ ఆధార్ ఉంటే ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సులో ఛార్జీ లేదు. మగవాళ్లకే ఖర్చు.

చేతిలో ఏం పట్టుకుపోవాలంటే, హీరోల పెన్సిల్ బొమ్మలు మాత్రం వద్దు. ఫోన్‌లో చూసి గీసినవి అక్కడ ఎవరూ రెండోసారి చూడరు. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలు, బస్టాండులో నిద్రపోతున్న ముసలాయన, బత్తాయి బుట్టలు, ఏదైనా సరే ఎదురుగా చూసి గీసినవి పట్టుకెళ్లండి. ప్రవేశ పరీక్షలో మెమరీ డ్రాయింగ్ ఉంటుంది, అంగడినో పండగనో చూడకుండా గీయాలి. చూసి గీసిన చేతికే అది వస్తుంది. ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లో క్యాంపస్ వీడియో చూడటమంటారా, బిల్డింగులు బాగా కనిపిస్తాయి, అంతే.

మా అక్క కూతురి విషయంలో అనుమానం బావది. అందుకని దాని ఔటింగ్ ఆదివారం చూసుకుని ఓపెన్ హౌస్‌కే తీసుకెళ్లాను. దారంతా బావ "బొమ్మలు గీస్తే బువ్వ ఎట్ల వస్తది" అంటూనే ఉన్నాడు. సాయంత్రం ప్రెస్సు దగ్గర ఒక అమ్మాయి చేతుల సిరా కడుక్కుంటుంటే ఆగి, "ఇంట్ల ఏమన్లేదా బిడ్డా?" అని అడిగాడు. "ఇంకా అంటనే ఉన్నరు అంకుల్" అని నవ్వింది ఆ పిల్ల. బావ కూడా నవ్వాడు.

తిరుగు బస్సులో నార్కట్‌పల్లి దాటాక, నేను నిద్రపోయాననుకున్నాడేమో, భుజం తట్టాడు. "బామ్మర్దీ, ఆ ఇనుప చువ్వల పని ఏందో సరిగ్గ చూడలే. బత్తాయి కోత అయినంక, జనం లేని రోజు చూసి ఇంకోసారి పోదాం."

సోమవారం ఆఫీసు తెరవగానే ఫోన్ చేసి, జ్యూరీ ఎప్పుడో కనుక్కున్నాను.