డెనోసుమాబ్ ఇంజెక్షన్ మంచిదే, కానీ తారీఖు తప్పకూడదు

మా అమ్మకి డెక్సా స్కాన్‌లో (ఎముక సాంద్రత కొలిచే పరీక్ష) వెన్ను టీ స్కోర్, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోలిస్తే ఎంత తేడానో చెప్పే అంకె, మైనస్ 2.5 కన్నా కిందికి వచ్చింది, ఎముకలు గుల్లబారాయని (ఆస్టియోపొరోసిస్) అర్థం. కిడ్నీల సంగతి చూసి, ఎముక కరగడాన్ని ఆపే ఇంకో మందు జోలెడ్రానిక్ యాసిడ్ వద్దన్న డాక్టరుగారు డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాములు రాశారు. ఆరు నెలలకొక సూది, చర్మం కిందికి, అంతే.

నాకెందుకు నచ్చిందంటే ఇది నేరుగా అసలు చోటే పట్టుకుంటుంది. మన ఎముక జీవితాంతం ఒకపక్క కరుగుతూ ఇంకోపక్క కట్టుకుంటూ ఉంటుంది, కరిగించేవి ఆస్టియోక్లాస్టులు, కట్టేవి ఆస్టియోబ్లాస్టులు. ఎముకలో ఉండే ఆస్టియోసైట్లు, ఈ ఆస్టియోబ్లాస్టుల వంశం కణాలు ర్యాంక్ లిగాండ్ అనే ప్రొటీన్ తయారుచేస్తాయి, అది వెళ్ళి ఆస్టియోక్లాస్టుగా మారబోయే కణం మీదుండే ర్యాంక్ అనే గ్రాహకానికి (సంకేతం అందుకునే ప్రొటీన్) అతుక్కుంటేనే ఆస్టియోక్లాస్ట్ తయారై పనిలోకి దిగుతుంది. దీన్ని అదుపులో పెట్టడానికి ఒంట్లోనే ఆస్టియోప్రొటెజెరిన్ అని ఇంకో ప్రొటీన్ ఉంది, లిగాండ్‌ని దారిలోనే పట్టేస్తుంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గేసరికి ఈ అదుపు సడలుతుంది, కరగడం ఎక్కువై కట్టడం వెనకబడుతుంది. డెనోసుమాబ్ చేసేది ఆ ఆస్టియోప్రొటెజెరిన్ పనే. మా వీధిలో ఒక పిన్నిగారికి టెరిపారటైడ్ రాశారు, అది కట్టే వైపు మందు. పారాథార్మోన్ (మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే హార్మోన్) రక్తంలో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎముక కరిగిపోతుంది, అందులోని ముక్కనే, అంటే ఈ టెరిపారటైడ్‌నే, రోజుకోసారి సూదిగా ఇస్తే ఎముక కడుతుంది! ఒకే సంకేతం, వచ్చే తీరు మారితే ఫలితం తిరగబడుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. జోలెడ్రానిక్ యాసిడ్‌లా డెనోసుమాబ్ ఎముకలో నిలవ ఉండదు. ఆరు నెలలు దాటి మందు దిగిపోయిందంటే ఆగిన ర్యాంక్ లిగాండ్ సంకేతం ఒక్కసారిగా తిరిగొస్తుంది, పెరిగిన సాంద్రత జారిపోతుంది, కొందరికి వెన్నుపూసలు వరసగా విరుగుతాయి. "నొప్పి లేదు కదా, ఈసారి మానేద్దాం" అని ఎవరన్నా అంటే దయచేసి వినకండి. ఆపాలంటే తర్వాత ఏ మందు వేయాలో డాక్టరుతో ముందే మాట్లాడుకుని ఆపండి.

కొనేచోట కూడా చూసుకోండి. మా విశాఖలో రామ్‌నగర్ వైపు ఒక మందుల షాపులో దీన్ని మామూలు కవర్లో పెట్టి ఇవ్వబోయారు, ఐస్ ప్యాక్ అడిగితే "ఇంటికే కదండీ" అన్నారు. 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాల్సిన మందు, మే నెల ఎండలో గాజువాక దాకా అలా ఎలా తీసుకెళ్తాం? కొనకుండా వచ్చేశాను. జగదాంబ దగ్గర ఇంకో షాపులో ఫ్రిజ్‌లోంచి తీసి, ఎక్స్‌పైరీ చూపించి, థర్మాకోల్ డబ్బాలో సర్ది ఇచ్చారు, ఇప్పుడు అక్కడే కొంటున్నాం. బయోసిమిలర్లు (ఇదే మందుకి దాదాపు సమానంగా వేరే కంపెనీలు చేసేవి) కూడా ఉన్నాయి, ధరలు అడిగి చూసుకోండి.

సూదికి ముందు రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూపించుకోవాలి, కాల్షియం తక్కువుంటే ఈ మందు ఇంకా దించేస్తుంది, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి మరీను. పన్ను పీకించుకునే పని ఉంటే మొదటి సూదికి ముందే కానిచ్చేయండి, అరుదుగా దవడ ఎముక మానకపోవడం జరుగుతుంది.