బెంగళూరు మారతహళ్లిలో మా బాబు వెళ్లే ఫిజిక్స్ ట్యూషన్

తొమ్మిదో క్లాసు పిల్లలకు ట్యూషన్ వెతుకుతున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. ఇక్కడి సారు ఫార్ములాలు బట్టీ పట్టించరు. గతిజశక్తి (కదిలే వస్తువుకు ఉండే శక్తి) పాఠం రోజు నేనూ వెనక బెంచీలో కూర్చుని విన్నాను.

స్కూటరు, దాని మీద ఇద్దరు మనుషులు, మొత్తం 250 కిలోలు అనుకోమన్నారు. వేగం గంటకు 36 కిలోమీటర్లు. ముందు దాన్ని 3.6తో భాగించి సెకనుకు 10 మీటర్లు చేయించారు. ఇది మర్చిపోతే మార్కులు పోయినట్టే. ఆ 10ని 10తో, వచ్చిన 100ని 250తో గుణించి సగం చేస్తే 12,500 జౌల్స్ శక్తి.

"అదే బండి ఔటర్ రింగ్ రోడ్డు మీద 72లో వెళ్తే?" అన్నారు. చాలామంది 25,000 అనేశారు. లెక్క వేస్తే 50,000! వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు, బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం కూడా దాదాపు అంతే. వచ్చే ఏడాదో రెండేళ్లకో బండి అడిగే పిల్లలకు ఇలాగే చెప్పాలి.

గది ఇరుకు, ఫీజు కాస్త ఎక్కువ, సాయంత్రం పార్కింగ్ దొరకదు. కానీ డౌటు తెలుగులో అడిగినా విసుక్కోకుండా చెబుతారు. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన మావాడికి అదే పెద్ద ధైర్యం. డెమో క్లాసు ఉచితం, పిల్లల్ని తీసుకెళ్లి వినిపించండి.