జంతువుల కార్డుల పెట్టె: బొమ్మలకు ఫుల్ మార్కులు, అడవిదున్నకు సున్నా

ఆరో తరగతి చదివే మా మనవడి కోసం తెప్పించాను. బొమ్మలు నిజంగా బాగున్నాయి. దుమ్ములగొండి కార్డు చూడండి, జూలు నిక్కబొడుచుకుని ఉంటుంది, కాళ్ల మీద చారలు లెక్కపెట్టుకోవచ్చు. వెనకవైపు తెలుగు పేరు, దాని కింద శాస్త్రీయ నామం తెలుగు లిపిలోనే. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ని, అది చూడగానే ప్రాణం లేచొచ్చింది.

మావాడు మాత్రం "తాతయ్యా, హైయీనా హైయీనా ఏంటి, రెండుసార్లు ప్రింటయిందా?" అన్నాడు. నాజా నాజా (నాగుపాము), యాక్సిస్ యాక్సిస్ (చుక్కల దుప్పి), గాలస్ గాలస్ (అడవికోడి) కూడా ఏరి నా ముందు పరిచాడు. పెట్టెలో ఇచ్చిన చిన్న పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. నాలుగు లైన్లు రాస్తే సరిపోయేది. శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతిది (దగ్గరి జాతుల గుంపు), రెండోది జాతిది. ఈ రెండు మాటల పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో దుమ్ములగొండిని కుక్కల ప్రజాతిలో వేసి కానిస్ హైయీనా అన్నాడు. 1762లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త బ్రిస్సన్ దానికి హైయీనా అని వేరే ప్రజాతి పెట్టాడు. ప్రజాతి మారినా పాత జాతి పేరు వదలకూడదు కాబట్టి రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. వృక్షశాస్త్రంలో ఈ పప్పులుడకవు, మొక్కలకు ఇలాంటి జంట పేరు చెల్లదని నియమం.

అసలు గొడవ అడవిదున్న కార్డుతో. తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండే కాళ్లు, బొమ్మ అచ్చం మన పాపికొండల్లో తిరిగేదే. పేరేమో బైసన్ బైసన్! అది అమెరికా మైదానాల జంతువు. మనదాన్ని ఇండియన్ బైసన్ అంటుంటారు గానీ దాని పేరు బాస్ గారస్. గుంటనక్కకూ అదే గతి: వల్పిస్ బెంగాలెన్సిస్ అని ఉండాల్సిన చోట ఎర్రనక్క పేరు, వల్పిస్ వల్పిస్, అచ్చేశారు. జంట పేర్ల మీద మరీ అంత మోజా?

గొరిల్లా కార్డు మాత్రం కరెక్ట్. మధ్య ఆఫ్రికాలో పడమటి వైపు లోతట్టు అడవుల రకానికి ఉపజాతి పేరు కూడా కలిపి గొరిల్లా గొరిల్లా గొరిల్లా అని మూడుసార్లు వేశారు. మావాడు ఇల్లంతా తిరుగుతూ అదే పాట.

అట్ట పల్చన, మూలలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. తప్పుల సంగతి అమ్మినవాళ్లకు రాస్తే కొత్త పెట్టె పంపారు. అందులోనూ అదే బైసన్. మూడు స్టార్లు.